ఎద ఎప్పుడు, అండం ఎప్పుడు: పశువుల రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి వైపు వెళ్ళినా, కనిగిరి వైపు వెళ్ళినా పాల కేంద్రం దగ్గర వినపడే సందేహాలు ఒకటే. సూది (కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం వేయడం) ఎప్పుడు వేయించాలి, ఎందుకు నిలవలేదు, రక్తం ఎందుకు కనిపించింది. ఈ సందేహాల్లో సగానికి పైగా ఒకే పొరపాటు నుంచి వస్తాయి. పశువు ఎదలో ఉన్నప్పుడే అండం బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆవులో, గేదెలో అలా జరగదు. మిగతా జంతువుల్లో ఒక్కోదానిది ఒక్కో లెక్క. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. ఏ జవాబుకైనా అవసరమైన సమాచారం అక్కడే ఉంటుంది.

## ఎదకు రాకముందు

అండం విడుదల అంటే లోపల అసలు ఏం జరుగుతుంది?

ఆడ పశువుకు గర్భాశయం కొమ్ముల చివర రెండు అండాశయాలు ఉంటాయి. వాటిలో ద్రవం నిండిన చిన్న పుటికలు గుంపుగా పెరుగుతాయి. ఆవులో, గేదెలో చివరికి మామూలుగా ఒక్కటే పెద్దదై నిలుస్తుంది, మిగతావి కుంగిపోతాయి. పెద్దదైన పుటిక ఈస్ట్రోజెన్ అనే హార్మోను వదులుతుంది. పశువు అరవడం, ఎక్కడం, తీగలు వేయడం (మానం నుంచి జిగురు సాగడం) అంతా ఈ ఈస్ట్రోజెన్ వల్లే. అదే హార్మోను మెదడుకు కబురు పంపితే, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోనును ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది. ఆ తర్వాత ఒక రోజుకు కాస్త అటూ ఇటూగా పుటిక పగిలి అండం బయటపడి నాళంలోకి చేరుతుంది. దీన్నే అండోత్సర్గం అంటారు.

పగిలిన చోట కార్పస్ లూటియం అనే పసుపుపచ్చ గడ్డ తయారవుతుంది. అది ప్రొజెస్టిరాన్ వదులుతూ పశువు మళ్ళీ ఎదకు రాకుండా ఆపుతుంది. చూలు కడితే ఆ గడ్డ అలాగే ఉంటుంది. కట్టకపోతే 16, 17 రోజుల ప్రాంతంలో గర్భాశయం నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ దాన్ని కరిగిస్తుంది, పశువు మళ్ళీ ఎదకు వస్తుంది.

21 రోజులకోసారి వస్తుందంటారు. మా ఆవు ఒకసారి 19కి, ఇంకోసారి 23కి వస్తోంది. ఏమైనా లోపమా?

లోపం కాదు. 18 నుంచి 24 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. ఒక చక్రంలో పుటికల గుంపులు రెండుసార్లు పెరిగితే ఎద కాస్త ముందుగా, మూడుసార్లు పెరిగితే కాస్త ఆలస్యంగా వస్తుంది. 40, 42 రోజులకు వచ్చిందంటే మధ్యలో ఒక ఎద మన కంట పడకుండా పోయి ఉండాలి. సూది వేయించిన పశువు 28, 35 రోజులంటూ లెక్కకు అందకుండా మళ్ళీ ఎదకొచ్చి పొర్లితే, చూలు కట్టి తొలి దశలోనే పిండం చనిపోయి ఉండొచ్చు. వారం, పది రోజులకే మళ్ళీ మళ్ళీ ఎద చూపిస్తుంటే మాత్రం అండాశయం పరీక్ష చేయించాలి. గోడ మీద వేలాడే పంచాంగం క్యాలెండరులోనే ఎద తేదీలు గీసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

పెయ్య ఎన్నో ఏట మొదటిసారి ఎదకు రావాలి?

వయసు కంటే ఒంటి బరువు ముఖ్యం. బాగా మేపిన జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి పెయ్యలు ఏడాదిన్నర లోపు, సుమారు 250 కిలోలకు చేరేసరికి సూదికి సిద్ధమవుతాయి. ముర్రా జాతి గేదె పడ్డలకు రెండు, రెండున్నరేళ్ళు పడుతుంది, 275 నుంచి 300 కిలోల బరువుండాలి. ఒంగోలు పెయ్యలు తీరిగ్గా ఎదిగే జాతి. వాటిని సంకరజాతితో పోల్చి కంగారు పడకండి. ఇంకో సంగతి ఏమిటంటే, మొదటిసారి అండం విడుదలయ్యేటప్పుడు చాలా పెయ్యలు బయటికి ఏ లక్షణమూ చూపించవు. మనం చూసే మొదటి ఎద దానికి రెండోదో మూడోదో అయి ఉంటుంది.

పడ్డకు మూడేళ్ళు దాటినా ఎదకు రాలేదు. ఎద రప్పించే సూది వేస్తే సరిపోతుందా?

ముందు పశువును డొక్కలు, వెన్ను, తోక మొదలు దగ్గర తడిమి చూడండి. ఎముకలు చేతికి తగులుతుంటే సూదిమందు డబ్బు దండగ. తన ఒంటికే చాలని మేతతో బతికే పశువులో మెదడు అండాశయానికి కబురే పంపదు. పుటికలు పుడతాయి, కానీ పగిలేంత పెద్దవి కాకుండానే కుంగిపోతాయి. వరిగడ్డి ఒక్కటే మేపే ఇళ్ళలో ఈ సమస్య ఎక్కువ. ఎందుకంటే వరిగడ్డి కడుపు నింపుతుందే గానీ అందులో మాంసకృత్తులు, భాస్వరం చాలా తక్కువ.

పురుగుల మందు తాగించండి. రోజూ 30 నుంచి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. పచ్చిమేత, కాస్త చెక్క పెట్టండి. రెండు, మూడు నెలల్లో ఒళ్ళు చేస్తే చాలా పశువులు సూదీ గీదీ లేకుండానే ఎదకు వస్తాయి. మొలకెత్తిన సజ్జలు, ఉలవలు పెడితే ఎదకు వస్తుందని పెద్దవాళ్ళు అనేది పూర్తిగా వట్టి మాట కాదు. అది మందు కాదు, బలమైన మేత. బక్కచిక్కిన పశువుకు పనికొస్తుంది, బలిసిన పశువుకు కాదు. ఒళ్ళు బాగుండి కూడా రాకపోతే అప్పుడు డాక్టరు చేత గర్భాశయం, అండాశయాలు పరీక్ష చేయించండి.

ఎండాకాలంలో బర్రెలు ఎదకే రావు. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి ఊరంతా ఒకేసారి వస్తాయి. ఎందుకిలా?

గేదె పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉన్న నెలల్లో బాగా ఎదకు వచ్చే పశువు. చీకటి పడ్డాక మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోను దీనికి కారణం. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గేదెలకు అసలైన కాలం. నెల్లూరు, ఒంగోలు వైపు మన జిల్లాలకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలదే కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో గట్ల మీద పచ్చిమేత పెరుగుతుంది, ఎండ తగ్గుతుంది. మూడూ కలిసొచ్చి ఊరి బర్రెలన్నీ ఒక్కసారిగా ఎదకు వస్తాయి.

రోహిణి కార్తెలో దీనికి పూర్తిగా తిరకాసు. గేదెకు నల్లని తోలు, తక్కువ చెమట గ్రంథులు. ఒంటి వేడి పెరిగితే మేత తినడం తగ్గుతుంది, ఎద హార్మోన్లు బలహీనపడతాయి. ఎద వచ్చినా కొన్ని గంటలే ఉండి, రాత్రిపూట దాటిపోతుంది. అందుకని ఎండాకాలంలో అండం విడుదల మొత్తంగా ఆగిపోయిందనుకోవద్దు. చాలా గేదెల్లో అది జరుగుతూనే ఉంటుంది, మనం చూడం. మధ్యాహ్నం చెరువులో దించినా, కనీసం రెండు మూడుసార్లు నీళ్ళు కొట్టినా, రాత్రిపూట మేత వేసినా తేడా కనిపిస్తుంది. రేకుల షెడ్డయితే పైన తాటాకో, కొబ్బరాకో కప్పండి.

## ఎదలో ఉన్నప్పుడు

ఎద మొదలైన ఎన్ని గంటలకు అండం బయటికి వస్తుంది?

ఆవులో ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. ఎద ముగిసిన 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది. అంటే మొదటి లక్షణం కనిపించిన దగ్గర్నుంచి లెక్కేస్తే 24 నుంచి 32 గంటలు. గేదెలో ఎద 12 నుంచి 24 గంటలు ఉంటుంది, అది ముగిశాక ఇంచుమించు 10 నుంచి 15 గంటలకు అండం వస్తుంది. అరుపులన్నీ ఆగి పశువు మామూలుగా మేత మేస్తున్నప్పుడు లోపల అసలు పని జరుగుతుందన్నమాట. మన పెంపుడు జంతువుల్లో ఎద అయిపోయాక అండం విడుదల చేయడం ఆవు, గేదెల ప్రత్యేకత.

పొద్దున్నే అరుస్తోంది. సూది వెంటనే వేయించాలా, సాయంత్రం వేయించాలా?

పొద్దున ఎద మొదలైతే ఆ సాయంత్రం, సాయంత్రం మొదలైతే మర్నాడు పొద్దున. 1940ల్లో అమెరికాలోని నెబ్రాస్కాలో ఆవుల మీద పరిశీలించి తేల్చిన పద్ధతి ఇది. ఇప్పటికీ పనిచేస్తోంది. కారణం తేలికే. అండం విడుదలయ్యాక బాగుండేది 6 నుంచి 12 గంటలు. వీర్యకణాలు లోపల ఒక రోజు పాటు బతుకుతాయి, కానీ అండంతో కలిసే శక్తి రావడానికి వాటికి సుమారు 6 గంటలు పడుతుంది. కాబట్టి అండం వచ్చేలోపే అవి నాళంలో సిద్ధంగా ఉండాలి. మరీ ముందు వేస్తే అవి అలసి చస్తాయి, మరీ ఆలస్యమైతే అండం పాడవుతుంది.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ‘మొదలైతే’ అన్న మాట. మీరు పొద్దున ఐదింటికి చూశారు, అది రాత్రి పదింటికే మొదలై ఉండొచ్చు. రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి తొంగిచూసే ఇళ్ళలో సూది నిలవడం ఎక్కువ. ఎప్పుడు మొదలైందో బొత్తిగా తెలియకపోతే, చూసిన వెంటనే కబురు పంపండి. ఎంత తీగ ఉంది, గర్భాశయం ఎంత బిగువుగా ఉంది అని చూసి వచ్చినవారు నిర్ణయిస్తారు.

ఊళ్ళో సూది వేసే గోపాలమిత్ర తనకు వీలున్నప్పుడే వస్తానంటాడు. పన్నెండు గంటలు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

నాలుగైదు గంటలు అటూ ఇటూ అయితే పరవాలేదు. పన్నెండు గంటలంటే ఒక్కోసారి ఒక ఎద పోయినట్టే, అంటే 21 రోజుల మేత ఖర్చు. ఫోన్ చేసేటప్పుడు “ఎదకొచ్చింది” అని ఊరుకోకుండా “రాత్రి తొమ్మిదికి తీగ చూశాం, పొద్దున ఎక్కించుకుంది” అని గంటలతో చెప్పండి. ఆయన నాలుగు ఊళ్ళు తిరగాలి, ఎవరింటికి ముందు పోవాలో దాన్నిబట్టి చూసుకుంటాడు. రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటే వాళ్ళ నంబరు కూడా దగ్గర పెట్టుకోండి.

ఒంగోలు ఆవుకు కూడా ఇదే లెక్కా?

అండం విడుదల లెక్క ఇంచుమించు అదే, ఎద మాత్రం పొట్టిది. మన ప్రాంతం నుంచి బ్రెజిల్ వెళ్ళిన ఒంగోలు పశువుల సంతతిని అక్కడ నెల్లూరు పేరు మీదే ‘నెలోర్’ అంటారు. ఆ దేశంలో వాటి మీద జరిగిన పరిశీలనల్లో ఎద సుమారు 11 గంటలే ఉంటుందని, చాలా ఆవుల్లో అది రాత్రిపూట మొదలవుతుందని, కొన్నింట్లో తెల్లారేలోపే ముగుస్తుందని తేలింది. ఒంగోలు జాతి పశువులను పెంచే చదలవాడ పశుక్షేత్రం చుట్టుపక్కల ఊళ్ళలో పాతకాలం రైతులు ఆబోతును మందలోనే వదిలేవాళ్ళు. దానికి రాత్రీ పగలూ తేడా లేదు కాబట్టి సరిపోయేది. కట్టేసి మేపే ఒంగోలు ఆవుకు మనమే ఆబోతు పని చేయాలి. రోజుకు మూడుసార్లు, అందులో ఒకటి రాత్రి, కాసేపు నిలబడి చూడాలి. తోక పక్కకు పెట్టడం, పక్క ఆవు మీద గడ్డం ఆనించడం, దూడను తన్నడం లాంటి చిన్న గుర్తులు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మా ఎనుము అరవదు, ఎక్కదు. ఎదకొచ్చిందని ఎలా తెలుసుకునేది?

దీన్ని మూగ ఎద అంటారు. గేదెల్లో చాలా ఎక్కువ. లోపల అండం మామూలుగానే విడుదలవుతుంది, బయటికి గుర్తులు తక్కువ, అంతే. ఆడ గేదెలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం అరుదు కాబట్టి దానికోసం ఎదురుచూడకండి. వేరే గుర్తులు చూడండి. ఆ పూట పాలు తగ్గుతాయి, లేదా చేపదు. చనుకట్లు బిగుస్తాయి. మాటిమాటికీ కొంచెం కొంచెంగా మూత్రం పోస్తుంది. మానం కాస్త ఉబ్బి, లోపలి పొర ఎర్రబడుతుంది. తీగ నిలబడి ఉన్నప్పుడు వేలాడకపోవచ్చు, పడుకున్న చోట నేల మీద మడుగులా కనిపిస్తుంది. కాబట్టి తెల్లవారుజామున పేడ ఎత్తకముందే చూడాలి. పేడ ఎత్తేది ఇంట్లో ఆడవాళ్ళు, సూది కోసం ఫోన్ చేసేది మగవాళ్ళు. గుర్తు మొదట చూసేవాళ్ళకు దాని విలువ తెలిసి ఉండాలి.

తీగ ఎలా ఉంటే మంచిది?

కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా, తెగకుండా సాగాలి. అలా ఉంటే ఎద సరైనదే. తెల్లటి చీము తునకలు, పసుపు రంగు, చెడు వాసన ఉంటే గర్భాశయంలో ఇన్ఫెక్షన్ ఉంది. ఆ ఎదకు సూది వేయించకుండా చికిత్స చేయించి వచ్చే ఎదకు చూసుకోవాలి. ఒక ఎద వదులుకోవడం కష్టమనిపిస్తుంది, కానీ వేయించినా అది నిలవదు.

పెయ్యదూడే పుట్టే సూది అంటున్నారు. దానికి వేళ వేరేగా ఉంటుందా?

కొంచెం వేరు. లింగ నిర్ధారిత వీర్యంలో ఆడదూడ పుట్టే అవకాశం సుమారు 90 శాతం. అయితే ఒక్కో వీర్యపు గొట్టంలో వీర్యకణాల సంఖ్య చాలా తక్కువ, వేరుచేసే యంత్రంలోంచి వచ్చినవి కాబట్టి ఆయుష్షు కూడా తక్కువ. అందుకని అండం విడుదలకు మరింత దగ్గరగా, మామూలు సూది కంటే కొన్ని గంటలు ఆలస్యంగా వేయడం మేలు. ఆరోగ్యంగా, ఎద స్పష్టంగా చూపించే పెయ్యలకు, తొలి ఈతల పశువులకు వాడండి. మూడుసార్లు పొర్లిన పశువుకు ఖరీదైన గొట్టం వేయించడం తెలివైన పని కాదు.

ఎద చూడకుండానే రోజుల లెక్కతో సూది వేస్తున్నారట. అదెలా కుదురుతుంది?

అండం విడుదలనే మందులతో మనకు కావలసిన గంటకు తెస్తారు. మొదటి రోజు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను సూది, 7 రోజుల తర్వాత ప్రోస్టాగ్లాండిన్, మరో 2 రోజులకు మళ్ళీ జీఎన్‌ఆర్‌హెచ్. ఈ చివరి సూది ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. తర్వాత 16 నుంచి 20 గంటలకు వీర్యం వేస్తారు. ఎద కనిపించినా కనిపించకపోయినా అండం దాదాపు అనుకున్న వేళకు వస్తుంది. మూగ ఎద గేదెలకు ఇది మంచి దారి. చూడి లేదని పరీక్షలో తేలాకే మొదలుపెట్టాలి. బక్క పశువుల్లో, మండువేసవిలో ఫలితం తక్కువ.

## సూది వేయించాక

సూది వేయించిన రెండో రోజు మానం నుంచి రక్తం వచ్చింది. నిలవనట్టేనా?

కాదు. ఎదలో ఈస్ట్రోజెన్ వల్ల గర్భాశయం లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బుతాయి. అది ఒక్కసారి తగ్గగానే సన్నని నాళాలు చిట్లి కాస్త రక్తం తీగలో కలిసి వస్తుంది. ఆవుల్లో, అందులోనూ పెయ్యల్లో మామూలు విషయం. చూలు నిలిచినా రావొచ్చు, నిలవకపోయినా రావొచ్చు. దీనికి మందు అక్కర్లేదు. రక్తం వల్ల తెలిసేది ఒక్కటే, ఎద ముగిసి రెండు మూడు రోజులైందని. సూది వేయించని ఆవులో రక్తం కనిపిస్తే ఈసారికి వేళ దాటిపోయిందని అర్థం. ఆ తేదీ రాసుకుని, 17వ రోజు నుంచి కాపు కాయండి.

సూది వేశాక పశువును పడుకోనివ్వకూడదంటారు, చన్నీళ్ళు పోయాలంటారు. నిజమేనా?

పడుకుంటే వీర్యం కారిపోదు. సరిగ్గా గర్భాశయం ముఖద్వారం దాటించి వేస్తే అది లోపలే ఉంటుంది. ఎండ వేళ నీళ్ళు పోస్తే పశువుకు హాయి, మంచిదే. చేయకూడనివి మాత్రం ఉన్నాయి. సూది అయిన వెంటనే మైళ్ళు నడిపించడం, కొట్టడం, ఎండలో కట్టేయడం. ఆ మొదటి వారంలో పిండం వేడిని అస్సలు తట్టుకోలేదు.

21 రోజులకు ఎదకు రాలేదు. చూడి అనుకోవచ్చా?

ఆశ పెట్టుకోవచ్చు, లెక్క మాత్రం కట్టొద్దు. మూగ ఎద వచ్చి వెళ్ళి ఉండొచ్చు, అండాశయం పని ఆపేసి ఉండొచ్చు. స్కానింగు ఉంటే 30 రోజులు దాటాక తెలుస్తుంది. చేత్తో పరీక్ష చేసేవారికి రెండు నుంచి మూడు నెలల మధ్య స్పష్టంగా అందుతుంది. “చూడిదేలే” అని ఐదారు నెలలు మేపి ఒట్టిదని తేలిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. చూడి పరీక్ష అడిగి చేయించుకోండి.

మూడుసార్లు వేయించినా పొర్లుతోంది. అండం విడుదల కావడం లేదా?

కొన్నింట్లో అదే కారణం. కానీ అన్నిటికంటే ముందు వేళ తప్పిందేమో చూడాలి. రెండోది ఇన్ఫెక్షన్. మూడోది వీర్యం గొట్టాన్ని సరిగా కరిగించకపోవడం. 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచాలి, చేతిలో రుద్దడం కాదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పొర్లుతుంటే అప్పుడు అండం ఆలస్యంగా వస్తోందేమోనని అనుమానించాలి. అలాంటి పశువులో ఎద రెండు మూడు రోజులు సాగుతుంది. మొదటి సూది వీర్యకణాలు అండం రాకముందే చనిపోతాయి. ఎద కొనసాగుతుంటే 24 గంటల తేడాతో రెండోసారి వేయించడం, లేదా సూది వేసే వేళకే జీఎన్‌ఆర్‌హెచ్ ఇవ్వడం డాక్టర్లు చేసే పని. ఒకే వీర్యం, ఒకే మనిషి, ఒకే వేళ పెట్టుకుని ఐదోసారి కూడా ప్రయత్నించడంలో అర్థం లేదు.

చూడి ఆవు ఎద చూపిస్తోంది. మళ్ళీ సూది వేయించాలా?

వద్దు. చూడితో ఉన్న కొన్ని ఆవులు కూడా మధ్యలో ఎద గుర్తులు చూపిస్తాయి. పుటికలు పెరగడం చూడిలోనూ పూర్తిగా ఆగదు, అందువల్ల వచ్చే ఈస్ట్రోజెన్ ప్రభావం అది. అండం మాత్రం విడుదల కాదు. అప్పుడు గొట్టం లోపలికి పెడితే పిండం పోవచ్చు. వచ్చినవారికి పాత సూది తేదీ చెప్పి ముందు పరీక్ష చేయమనండి.

మెడికల్ షాపులో ఎద సూది దొరుకుతోంది. మేమే వేసుకోవచ్చా?

వేసుకోకండి. అది ప్రోస్టాగ్లాండిన్. అండాశయంలో ముదిరిన కార్పస్ లూటియం ఉంటేనే పనిచేస్తుంది, ఎద అయిన మొదటి ఐదు రోజుల్లో వేస్తే ఫలితం ఉండదు. కార్పస్ లూటియమే లేని పశువుకు ఎన్ని వేసినా నీళ్ళు ఎక్కించినట్టే. తెలియక చూడి పశువుకు వేస్తే ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది. ఈ మందు మనిషి చర్మం నుంచి కూడా లోపలికి వెళుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ సీసా ముట్టుకోకూడదు.

మా ఆవు ఎప్పుడూ ఎదలోనే ఉన్నట్టుంటుంది. ఎంతకీ తగ్గదు. ఎందుకు?

పుటిక పెద్దదైనా పగలకుండా నీటి బుడగలా మిగిలిపోయి ఉండొచ్చు. అండం బయటికి రాదు, ఈస్ట్రోజెన్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఆవు అరుస్తూ, అన్నిటి మీదా ఎక్కుతూ, తోక మొదలు పైకి లేచినట్టు కనిపిస్తుంది. బాగా పాలిచ్చే సంకరజాతి ఆవుల్లో ఎక్కువ. హార్మోను చికిత్సతో చాలావరకు తగ్గుతుంది. చేత్తో నొక్కి పగలగొట్టే పాత పద్ధతికి ఒప్పుకోవద్దు. లోపల రక్తస్రావమై అండాశయం అతుక్కుపోతే ఆ పశువు శాశ్వతంగా గొడ్డుబోతుంది.

## ఈనిన తర్వాత

ఈనిన ఎన్ని రోజులకు మళ్ళీ అండం విడుదలవుతుంది? ఎప్పుడు వేయించాలి?

బాగా తినే పాడి ఆవులో ఈనిన మూడు, నాలుగు వారాలకే మొదటి అండం విడుదల కావొచ్చు, సాధారణంగా మూగగానే. గేదెకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అయితే గర్భాశయం పూర్వస్థితికి రావడానికి సుమారు 40 రోజులు కావాలి. కాబట్టి 60 రోజుల లోపు ఎద వచ్చినా రాసిపెట్టుకుని వదిలేయండి. 60 నుంచి 90 రోజుల మధ్య చూలు కట్టించగలిగితే ఆవు దాదాపు ఏడాదికో ఈత ఈనుతుంది. మాయ పడక చేత్తో తీయించిన పశువుకైతే ముందు గర్భాశయం పరీక్ష, ఆ తర్వాతే సూది.

దూడ పాలు తాగుతుంటే తల్లి ఎదకు రాదంటారు. నిజమా?

చాలావరకు నిజం. దూడ చీకుడు, దూడ పక్కనే ఉండటం, రెండూ తల్లి మెదడులో ఎల్‌హెచ్ విడుదలను అణచిపెడతాయి. ఒంగోలు ఆవుల్లో ఇది బాగా కనిపిస్తుంది. అలాగని దూడ కడుపు మాడ్చొద్దు. రోజంతా వదలకుండా పూటకు ఒకసారి తాగించి వేరుగా కట్టేస్తే చాలు. దీనికంటే పెద్ద అడ్డంకి ఈనిన తర్వాత ఒళ్ళు తగ్గిపోవడం. పాలలోకి పోయినంత మేత లోపలికి రాకపోతే అండాశయం చివరి వరుసలో నిలబడాల్సిందే. ఈనడానికి రెండు నెలల ముందు నుంచే దాణా పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది.

ఆవుకు కవల దూడలు పుట్టాయి, ఒకటి కోడె, ఒకటి పెయ్య. పెయ్యను ఉంచుకోవచ్చా?

పాడికి ఉంచుకోకండి. ఒకేసారి రెండు అండాలు విడుదలైతే ఇలాంటి కవలలు పుడతాయి. కడుపులో రెండింటి రక్తం కలవడం వల్ల కోడె హార్మోన్లు పెయ్య జననాంగాలను ఎదగనివ్వవు. ఇలాంటి పెయ్యల్లో 90 శాతానికి పైగా గొడ్డుబోతులే. రెండూ పెయ్యలే అయితే ఏ ఇబ్బందీ లేదు.

## గొర్రెలు, మేకలు, పందులు

గొర్రె ఎదకొచ్చిందని మాకు ఎప్పుడూ తెలియదు. పొట్టేలుకెలా తెలుస్తుంది?

వాసనతో. గొర్రె ఎదను మనిషి కనిపెట్టడం కష్టమే. దాని చక్రం 17 రోజులు. ఎద 24 నుంచి 36 గంటలు, దాని చివరి గంటల్లో అండం విడుదలవుతుంది. మేక చక్రం ఆవులాగే 21 రోజులు, ఎద ఒకటి నుంచి రెండు రోజులు. మేక మాత్రం అరిచి, తోక ఆడించి ఊరంతా చెబుతుంది. అండం 30 నుంచి 36 గంటలకు వస్తుంది. కాబట్టి మేకను పోతు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు ఒక పూట ఆగి తీసుకెళ్ళి, మర్నాడు ఇంకోసారి దాటిస్తే మంచిది.

మందలో పిల్లలన్నీ ఒకేసారి పుట్టేలా చేయగలమా?

చేయొచ్చు, మందు లేకుండానే. పొట్టేళ్ళను నెల, నెలన్నర పాటు వాసన కూడా తగలనంత దూరంగా ఉంచండి. తర్వాత ఒక్కసారిగా మందలో వదలండి. ఎద ఆగి ఉన్న గొర్రెల్లో రెండు మూడు రోజుల్లోనే అండం విడుదలవుతుంది. ఆ మొదటిది మూగది, గొర్రె పొట్టేలుకు నిలబడదు. అసలు ఎదలు 18 నుంచి 25 రోజుల మధ్య గుంపుగా వస్తాయి. అప్పటికే మామూలుగా ఎదకు వస్తున్న గొర్రెల మీద ఈ కిటుకు పనిచేయదు. ఉదయగిరి, కనిగిరి మెట్ట ప్రాంతాల్లో మందలు మేతకోసం ఊళ్ళు దాటి పోతాయి కాబట్టి పొట్టేళ్ళను విడిగా మేపడం కష్టం. అలాంటివాళ్ళు పొట్టేలు పొట్ట కింద గోనెపట్టా కడతారు. దాటడం ఆగుతుంది గానీ వాసన ఆగదు కాబట్టి ఈ ఫలితం రాదు.

చూడి ఐదు నెలలని గుర్తుపెట్టుకుని వెనక్కి లెక్కేయండి. పిల్లలు పుట్టేసరికి చేలల్లో మేత ఉండాలి.

నెల్లూరు గొర్రె ఈతకు ఒక్క పిల్లనే ఎందుకు వేస్తుంది? రెండు పుట్టించలేమా?

నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, దొర అని రకాలున్నాయి, ఏ రకమైనా దాని స్వభావం ఒక అండమే విడుదల చేయడం. జాతి లక్షణాన్ని మేతతో పూర్తిగా మార్చలేం. అయితే పొట్టేలును వదలడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకు 250 గ్రాముల దాణా పెడితే కొన్ని గొర్రెలు రెండు అండాలు వదులుతాయి. బక్కగా ఉన్న మందలో తేడా బాగా తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అసలు కట్టకుండా మిగిలిపోయే గొర్రెల సంఖ్య తగ్గుతుంది. నా దృష్టిలో అసలు లాభం అదే. పొడవు కాళ్ళ నెల్లూరు గొర్రె మెట్టలో మైళ్ళు నడిచి మేసే జీవం. ఒక్క పిల్లను బాగా సాకితే చాలు.

పంది ఒకేసారి పది పిల్లలు ఎలా వేస్తుంది?

ఒక ఎదలో 15 నుంచి 20 అండాలు విడుదలవుతాయి. ఎద రెండు మూడు రోజులుంటుంది, అందులో మూడింట రెండొంతుల కాలం గడిచాక అండాలు వస్తాయి. అందుకే రెండుసార్లు దాటిస్తారు.

## ఇంటి చుట్టూ తిరిగేవి

పుంజు లేకుండా పెట్ట గుడ్డెలా పెడుతుంది?

కోడికి గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పిల్ల కావాలంటేనే కావాలి. మనం పచ్చసొన అనేదే అండాశయం నుంచి విడుదలైనది. పెట్టకు ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. పచ్చసొన నాళంలోకి జారాక తెల్లసొన చేరడానికి సుమారు 3 గంటలు, పొరలకు గంటకు పైగా, పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది. పుంజుతో కలిసి ఉంటే పచ్చసొన విడుదలైన పావు గంటలోపే, తెల్లసొన చుట్టుకోకముందే, వీర్యకణం కలవాలి.

మరి రోజూ ఎందుకు పెట్టదు? మధ్యలో ఒక రోజు మానేస్తుంది.

గుడ్డు తయారీకి 24 గంటల కంటే కాస్త ఎక్కువ పడుతుంది. గుడ్డు పెట్టిన అరగంటకు తర్వాతి పచ్చసొన జారుతుంది. కాబట్టి రోజురోజుకూ వేళ వెనక్కి జరుగుతుంది. చివరికి మధ్యాహ్నం పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ రోజు అండం విడుదల కాదు, ఎందుకంటే దానికి కావలసిన హార్మోను రాత్రి వేళల్లోనే విడుదలవుతుంది. ఒక రోజు సెలవు, మళ్ళీ పొద్దున్నే మొదలు. నాటుకోడి పొదుగుకు కూర్చుంటే అండాశయం పూర్తిగా ముడుచుకుంటుంది. షెడ్లలో 14 నుంచి 16 గంటల వెలుగు ఇవ్వడం ఈ పని ఆగకుండా చూడటానికే.

కుక్కకు రక్తం కనిపిస్తోంది. అప్పుడే జత కట్టించాలా?

ఆ రక్తం ఆడవాళ్ళ నెలసరి లాంటిది కాదు, అండం ఇంకా రాకముందు కనిపించేది. తొమ్మిది రోజులు అటూ ఇటూగా ఉంటుంది. రక్తం రంగు పలచబడి, మగకుక్కకు తోక పక్కకు పెట్టి నిలబడినప్పుడు అసలు రోజులు మొదలవుతాయి. కుక్క అండానికి ఒక విచిత్రం ఉంది. విడుదలైనప్పుడు అది పచ్చిగా ఉంటుంది, ముదరడానికి ఇంకో రెండు మూడు రోజులు కావాలి. అందుకే రోజు విడిచి రోజు రెండుసార్లు కలపడం వాడుక. అండం విడుదలైన దగ్గర్నుంచి 63 రోజులకు పిల్లలు పుడతాయి.

చూలు కట్టకపోయినా కుక్క ఒంట్లో రెండు నెలల పాటు చూడి హార్మోన్లే ఉంటాయి. కొన్నింటికి పాలు కూడా వస్తాయి, గుడ్డపేలికలు పోగేసి పడుకుంటాయి. అది దెయ్యమూ కాదు, దిష్టీ కాదు. దానంతటదే తగ్గుతుంది. అయితే ఎద అయిన నెల, రెండు నెలలకు నీళ్ళు ఎక్కువ తాగుతూ, తిండి మానేసి, చీము కారుతుంటే గర్భాశయం చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పిల్లి, కుందేలు పరిస్థితి ఏమిటి?

ఈ రెండింట్లో జత కడితేనే అండం విడుదలవుతుంది. జత కట్టినప్పటి తాకిడి నరాల ద్వారా మెదడుకు చేరి ఎల్‌హెచ్‌ను వదిలిస్తుంది. కుందేలులో సుమారు 10, 12 గంటలకే అండాలు వస్తాయి, 31 రోజులకు పిల్లలు. షెడ్డులో ఆడకుందేలును మగదాని బోనులోకే తీసుకెళ్ళాలి. తిరగేస్తే ఆడది తన చోటు కోసం మగదాన్ని కొరుకుతుంది. పిల్లికి ఒక్కసారి జత చాలకపోవచ్చు, కొద్ది గంటల్లో నాలుగైదుసార్లు కట్టాక ఒకటి రెండు రోజుల్లో అండాలు విడుదలవుతాయి. మగపిల్లి దొరక్కపోతే అండం రాదు, కొన్నాళ్ళకే మళ్ళీ ఎద. మేడ మీద రాత్రంతా ఏడ్చే పిల్లి బాధ అదే. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి, పొరుగువాళ్ళకూ నిద్ర పడుతుంది.